సందర్భం లేని పాట

ఎర్రమంజిల్‌లో అద్దెకుండే కుర్రాళ్ల గదిలో పాట రికార్డు చేయాలంటే ముందు ఫ్యాన్ ఆపాలి. తర్వాత ఫ్రిజ్ ప్లగ్గు పీకాలి. కిటికీ మూసి దానికి అడ్డంగా పరుపు నిలబెట్టాలి. పక్కింటి కుక్కరు మూడో విజిల్ వేసేదాకా ఆగాలి. పంజాగుట్ట వైపు వెళ్లే మెట్రో రైలు చప్పుడు సద్దుమణిగేదాకా ఇంకో అరనిమిషం. అప్పుడు ల్యాప్‌టాప్ ముందున్నవాడు వేలెత్తుతాడు. దుప్పటి ముసుగేసుకుని మైకు ముందు కూర్చున్నవాడు చెమటలు కారుతుండగా పల్లవి ఎత్తుకుంటాడు. రెండో లైను మధ్యలో వాచ్‌మన్ కింద నీళ్ల మోటారు ఆన్ చేస్తాడు.

టేక్ పోయింది. మళ్లీ మొదటికి.

హైదరాబాద్ నుంచి వస్తున్న తెలుగు ఇండీ (ఇండిపెండెంట్) పాటల్లో చాలావాటికి పురిటిగది ఇలాంటిదే. శబ్దం రాని గోడలు, అద్దాల అవతల ఇంజనీరు, చల్లటి ఏసీ ఉన్న స్టూడియోకు గంటల లెక్కన కట్టేంత డబ్బు చేతిలో ఉండదు. ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు, హెడ్‌ఫోన్లు, ఒక గిటారు ఉంటే చాలు, బ్యాండు మొదలైనట్టే. డ్రమ్స్ ల్యాప్‌టాప్‌లోనే పుడతాయి. నిజం డ్రమ్స్ తెస్తే ఇంటి ఓనరు గది ఖాళీ చేయమంటాడు.

ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్ మీద వేలు పెట్టి చుట్టూ మూడు కిలోమీటర్ల గీత గీస్తే ఈ కథలో ముప్పాతిక భాగం అందులోనే పడుతుంది. రెండు స్టేషన్ల అవతల అమీర్‌పేట. అక్కడ సారథి స్టూడియో ఉంది. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు సినిమా ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో వచ్చింది ఆ స్టూడియో నుంచే. అక్కణ్నుంచి కాస్త ముందుకొస్తే మైత్రీవనం. గోడన్నది కనిపించకుండా జావా, పైథాన్, క్లౌడ్ కోర్సుల ఫ్లెక్సీలు. ఇటు బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1కి మళ్లితే జీవీకే వన్ మాల్, దానికి ఎదుటి వైపు లామకాన్. సినిమా స్టూడియో, కోచింగ్ సెంటరు, మాల్, చాయ్ దొరికే ఒక పాత ఇల్లు. తెలుగు ఇండీ కుర్రాడి బతుకు ఈ నాలుగింటి మధ్యే తిరుగుతుంది. పగలు కోర్సో ఉద్యోగమో, సాయంత్రం గిగ్, రాత్రి రికార్డింగు. ఎప్పుడో ఒకరోజు సినిమా పిలుపు.

ఈ పేటకు పేరు పెట్టిన నవాబుకు కూడా పాటగాడి చెవి ఉన్నట్టుంది. తెలుగువాళ్లు ఎర్రగడ్డ అని పిలుచుకునే గుట్ట మీద ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో మహల్ కట్టి, ‘ఎర్ర’కు దగ్గరగా వినబడే పారశీక పదం ‘ఇర్రమ్’ వెతికి పట్టుకున్నాడు. ఇర్రమ్ అంటే స్వర్గం. ఇర్రమ్ మంజిల్ జనం నోట మళ్లీ ఎర్రమంజిల్ అయింది. రెండు భాషలకు ఒకే ప్రాస.

అయిదు వందల పౌండ్ల అప్పు

ఇండీ అన్న మాట పుట్టింది ఇక్కడ కాదు. 1976 డిసెంబరులో మాంచెస్టర్‌కు చెందిన బజ్‌కాక్స్ అనే బ్యాండు తెలిసినవాళ్ల దగ్గర 500 పౌండ్లు అప్పు తెచ్చి, కొన్ని గంటల్లో నాలుగు పాటలు రికార్డు చేసింది. న్యూ హార్మోన్స్ అని సొంత లేబుల్ పెట్టుకుని, 1977 జనవరిలో ‘స్పైరల్ స్క్రాచ్’ పేరుతో వెయ్యి కాపీలు వేయించింది. అవి చిటికెలో అయిపోయాయి. మొత్తమ్మీద 16 వేల దాకా అమ్ముడుపోయాయి. ఏ పాట ఎన్నో టేక్‌లో కుదిరిందో కూడా కవరు మీద అచ్చేశారు. కూరలో ఏమేం వేశారో విస్తరి పక్కనే రాసిపెట్టినట్టు. చూసినవాళ్లకు ‘ఓస్, ఇంతేనా? మనమూ చేయొచ్చు’ అనిపించింది. ఆ నాలుగు పాటల కన్నా ఆ ధీమాయే ఎక్కువ దూరం పోయింది.

లండన్‌లో రఫ్ ట్రేడ్ అనే రికార్డుల దుకాణం 1978లో తానే లేబుల్‌గా మారింది. ద స్మిత్స్ బ్యాండు 1986లో ‘ద క్వీన్ ఈజ్ డెడ్’ ఆల్బమ్ తెచ్చింది ఆ లేబుల్ మీదే. అమెరికాలో ఇలాంటి బ్యాండ్లను జనానికి చేర్చే పని కాలేజీ రేడియోలు చేశాయి. జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్ అనే కాలేజీ ఊరి నుంచి వచ్చిన ఆర్.ఇ.ఎం. బ్యాండు తొలి ఆల్బమ్ ‘మర్మర్’ను 1983లో ఆ ఏటి మేటి ఆల్బమ్ అంది రోలింగ్ స్టోన్ పత్రిక. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ప్రపంచాన్ని ఊపేస్తున్న ఏడాది అది! సియాటిల్‌లో సబ్ పాప్ అనే చిన్న లేబుల్ కోసం నిర్వాణా ‘బ్లీచ్’ను రికార్డు చేసింది 606 డాలర్ల చిల్లరతో. అది 1989. రెండేళ్లకు అదే బ్యాండు పెద్ద కంపెనీ గొడుగు కింద ‘నెవర్‌మైండ్’ తెచ్చింది. 1992 జనవరిలో జాక్సన్ ‘డేంజరస్’ను పక్కకు నెట్టి అమెరికా చార్టుల్లో మొదటి స్థానంలో కూర్చుంది. ఇండీ గెలిచిందనాలో, ఇండీని కొనేశారనాలో అప్పటినుంచీ తెగని తగువే.

మన దగ్గర తగువు వేరు. అక్కడ ఇండీ అంటే పెద్ద రికార్డు కంపెనీలకు లొంగని పాట. ఇక్కడ సినిమాకు పుట్టని పాట.

సినిమాయే సర్కారు

ప్రైవేటు బస్సు, ప్రైవేటు కాలేజీ లాగే తెలుగులో ‘ప్రైవేటు పాట’ అని ఒకటుంది. సినిమాలో లేని పాటలన్నిటికీ అదే పేరు. అంటే పాటల లోకంలో సినిమాయే సర్కారు అన్నమాట! ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’, ‘కుంతీ విలాపం’ ప్రైవేటు రికార్డులే. చివరి రోజుల్లో పాడిన భగవద్గీతా అంతే. ఏ కథానాయకుడి పెదాలకూ అతకకుండానే అవి తెలుగిళ్లలో స్థిరపడ్డాయి. ఆకాశవాణి లలిత సంగీతం ఇంకో పాయ. బాలాంత్రపు రజనీకాంతరావు కట్టిన ‘మాదీ స్వతంత్ర దేశం’ టంగుటూరి సూర్యకుమారి గొంతులో 1947 ఆగస్టు 15న మద్రాసు రేడియో నుంచి వినిపించింది. తెలుగులో తొలి ‘ఇండిపెండెంట్’ పాట అదేనని ఎవరైనా చమత్కరిస్తే కాదనడం కష్టం.

సినిమా పాటకు మొదటి ప్రశ్న ఒకటే: సందర్భం ఏమిటి? సిట్టింగ్‌లో దర్శకుడు కథ చెబుతాడు. హీరో ఎక్కడున్నాడు, హీరోయిన్ ఎందుకలిగింది, ఇంటర్వెల్‌కు ముందా వెనకా. దానికి ట్యూను, ట్యూనుకు మాటలు. ఈ పద్ధతిని చిన్నచూపు చూడక్కర్లేదు. వేటూరి, సిరివెన్నెల ఇంత ఇరుకులోనే ఆకాశం చూపించారు. కానీ ఆ పాటల్లో ‘నేను’ అంటే పాత్ర. ఇండీ పాటలో ‘నేను’ అంటే పాడుతున్నవాడే: హాస్టల్ బిల్లు బాకీ పడ్డవాడు, ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్నవాడు, ఇంటికి ఫోన్ చేసి అంతా బాగానే ఉందని అబద్ధమాడినవాడు. ఎవరూ అతనికి సందర్భం చెప్పలేదు, అతని బతుకే సందర్భం. తెలుగు ఇండీని సినిమా పాట నుంచి వేరు చేసేది గిటారూ కాదు, బడ్జెట్టూ కాదు, ఇదే.

అలాంటి పాట కట్టి, సొంతంగా పంచిన ఆనవాయితీ తెలుగులో కొత్తదేం కాదు. 1972లో పుట్టిన విప్లవ పాటల బృందం జననాట్యమండలి, ప్రజాగాయకుడు గద్దర్, ఉత్తరాంధ్రలో వంగపండు ప్రసాదరావు ఏ కంపెనీ కోసం పాడారు? భుజాన గొంగడి, చేతిలో డప్పు. పాటల పుస్తకాలు, క్యాసెట్లు చేతులు మారి ఊళ్లు తిరిగాయి. సొంత చేత్తో చేసి, సొంత మనుషులతో పంచుకునే ఈ పద్ధతినే పాశ్చాత్య ఇండీ బ్యాండ్లు ఒక సిద్ధాంతంగా చెప్పుకుంటాయి. మన రాక్ కుర్రాళ్లు మాత్రం తమ వంశవృక్షం గీసేటప్పుడు సియాటిల్ దాకా వెళ్తారు గానీ, గద్దర్ పుట్టిన తూప్రాన్ దాకా వెళ్లరు. హైదరాబాద్ నుంచి తూప్రాన్ గంటన్నర ప్రయాణం.

గిటారు వైపు నుంచి వచ్చిన మొదటివాళ్లలో గట్టిగా చెప్పుకోవాల్సిన పేరు రమణ గోగుల. 1990ల్లో మిస్టీ రిథమ్స్ బ్యాండు, ‘ఆయే లైలా’ అనే పాప్ ఆల్బమ్‌తో చానల్ వీ అనే మ్యూజిక్ టీవీలో కనిపించారు. వెంటనే సినిమా ఎగరేసుకుపోయింది. 1998లో ‘ప్రేమంటే ఇదేరా’, మరుసటేడు ‘తమ్ముడు’, 2000లో ‘బద్రి’. ‘తమ్ముడు’లో మొదలు నుంచి చివరిదాకా ఇంగ్లీషులోనే సాగే రాక్ పాటకు మండల కేంద్రాల థియేటర్లలో ఈలలు పడ్డాయి. తెలుగు ఊళ్లలో గిటారు రొదను చాలామంది మొదటిసారి విన్నది రాక్ క్యాసెట్‌లో కాదు, బహుశా ఆ సినిమాలోనే. ఆ తర్వాత ఆయన వ్యాపారంలోకి వెళ్లిపోయారు. 2025 సంక్రాంతికి ‘గోదారి గట్టు’ పాటతో ఆ గొంతు మళ్లీ వినిపించినప్పుడు, పాతికేళ్ల కిందటి కుర్రాళ్లు తమ పిల్లలకు ‘ఈయనెవరో తెలుసా’ అని కథ మొదలుపెట్టారు.

ఇరుగుపొరుగువాళ్లు ఈలోగా ముందుకు పోయారు. ఢిల్లీలో ఇండియన్ ఓషన్ బ్యాండు ఆల్బమ్ ‘కందీసా’ 2000లోనే వచ్చింది. 2008లో ఇటు బెంగళూరులో రఘు దీక్షిత్ తొలి ఆల్బమ్, అటు కేరళలో మలయాళం రాక్ బ్యాండు అవియల్ ఆల్బమ్. అప్పటికి హైదరాబాద్ పబ్బుల్లో మన కుర్రాళ్లు మెటాలికా, పింక్ ఫ్లాయిడ్ పాటలను అచ్చు గుద్దినట్టు వాయించడంలో ఆరితేరి ఉన్నారు. స్టేజీ మీద తెలుగు పాడటం నామోషీ. ఇంగ్లీషు దారినే పోయి సొంత గొంతు తెచ్చుకున్నవాళ్లూ లేకపోలేదు. గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండు 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ ఆల్బమ్ తెచ్చి దేశమంతా మెటల్ అభిమానుల చేత శభాష్ అనిపించుకుంది. కాకపోతే బంజారాహిల్స్‌లో ఆ పేరు తెలిసినవాళ్ల కన్నా, బెర్లిన్‌లో తెలిసినవాళ్లే ఎక్కువుంటారేమో.

డేటా చవకయ్యాక

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఫోన్లో పాట చూడటానికి డబ్బు లెక్కపెట్టుకునే రోజులు పోయాయి. 2019 ఫిబ్రవరిలో స్పాటిఫై మన దేశంలో అడుగుపెట్టింది. పాట బయటికి రావాలంటే ఆడియో కంపెనీ గుమ్మం ముందు నిలబడే అవసరం తప్పింది.

ఈ గాలి గల్లీకీ తగిలింది. ధూల్‌పేట, మంగళ్‌హాట్ వైపు భాషతో రాహుల్ సిప్లిగంజ్ యూట్యూబ్‌లో ‘మంగమ్మ’, ‘మాకికిరికిరి’, ‘గల్లీకా గణేష్’ లాంటి సొంత పాటలు పెట్టుకుంటూ వచ్చాడు. వాటిలో హీరో అతనే, గాయకుడూ అతనే. 2023 మార్చి 12న లాస్ ఏంజెలెస్‌లో ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి ‘నాటు నాటు’ పాడింది ఈ కుర్రాడే. సొంత పాటలతో పేరు తెచ్చుకున్నవాణ్ని ప్రపంచం చూసింది మాత్రం సినిమా పాటతో.

బ్యాండు అన్న మాటకు తెలుగు ముఖం తెచ్చినవాళ్లు చౌరస్తా వాళ్లు. రామ్ మిరియాల, యశ్వంత్ నాగ్, వాళ్ల మిత్రులు. 2018లో వచ్చిన ‘ఊరెళ్లిపోతా మామ’ విన్న ఎవరైనా ముందు ఆశ్చర్యపోయేది ఆ లయకు. జమైకా రెగ్గే నడక మీద గోదావరి మాట నడుస్తుంది, ఎక్కడా తడబడదు. పట్నం ఉక్కపోతకు విసిగి ఊరికి పోదామనుకునేవాడి పాట. అమీర్‌పేట హాస్టల్లో నలుగురు పడుకునే గదిలో ఆ పాట మోగుతుంటే వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. 2020లో కరోనా మొదలైన కొత్తలో చేయీ చేయీ కలపొద్దని బతిమాలుతూ కట్టిన పాట చౌరస్తాను ఇంటింటికీ తీసుకెళ్లింది.

తర్వాత రామ్ బ్యాండు నుంచి బయటికొచ్చారు. 2021లో ‘జాతిరత్నాలు’ కోసం ‘చిట్టి’ పాడారు, 2022లో ‘డీజే టిల్లు’ టైటిల్ పాట కట్టి పాడారు. 2023లో ‘బలగం’లో మంగ్లీతో కలిసి పల్లెటూరి పాట పాడారు. ఊరెళ్లిపోతానన్న గొంతుకు చివరికి ఊరు దొరికింది సినిమాలో! దీన్ని ద్రోహం అనే వీరాభిమానులు ఉన్నారు. ఆ మాట అన్యాయం. అద్దె కట్టాలి, ఇల్లు నడవాలి. యూట్యూబ్‌లో ప్రకటనల చిల్లర రాలాలన్నా మామూలుగా వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. స్పాటిఫైలో 2024 నుంచి ఏడాదికి వెయ్యిసార్లయినా వినని పాటకు పైసా ఇవ్వరు. ఈ లెక్కలు తెలిసినవాడు సినిమావాళ్ల ఫోన్ ఎత్తకుండా ఎలా ఉంటాడు?

జానపదం వైపు చూస్తే వేరే సంగతి. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ ప్రైవేటు పాటే. ఒక కొత్త పెళ్లికూతురు బరాత్‌లో దానికి ఆడిన వీడియో ఊరూరా తిరిగి, ఆ ఏడు పెళ్లి అంటే ఆ పాటే అన్నంత పనైంది. రాము రాథోడ్ ‘రాను బొంబాయికి రాను’ కూడా సినిమా తోడు లేకుండానే కోట్లమందికి చేరింది. రాక్ బ్యాండ్లకు ఇది కాస్త మింగుడుపడని నిజం. తెలుగులో నిజంగా సినిమాను పక్కన పెట్టి బతుకుతున్న పాట గిటారుది కాదు, డప్పుది.

సముద్రం అవతల తెలుగిళ్ల పిల్లలు కూడా సినిమా తోడు లేకుండా సొంత లేబుళ్ల దారి తొక్కారు. న్యూయార్క్ క్వీన్స్‌లో పెరిగిన అశోక్ కొండబోలు భాగస్వామిగా ఉన్న దాస్ రేసిస్ట్ అనే ర్యాప్ బృందం 2010లో రెండు మిక్స్‌టేపులను జనంలోకి వదిలి, 2011లో ‘రిలాక్స్’ ఆల్బమ్‌ను తమ బృందంలోని ఒకరి లేబుల్ మీదే తెచ్చింది. కాలిఫోర్నియాలో పుట్టిన యల్లాప్రగడ శ్వేత రాజకుమారి పేరుతో పెద్ద కంపెనీల్లో పనిచేసి, బయటికొచ్చి గాడ్‌మదర్ అని సొంత లేబుల్ పెట్టుకుంది. 2023లో ‘ద బ్రిడ్జ్’ ఆల్బమ్ దాని మీదే వచ్చింది. ఆమె పెరిగింది కూచిపూడి నేర్చుకుంటూ. ఆ జతుల బిగువు ఆమె ర్యాప్‌లో వినిపిస్తుంది.

చీటీ

లామకాన్ 2010 మార్చిలో మొదలైంది. ఒక ఫొటోగ్రాఫర్ పాత ఇంటిని ఆయన కుటుంబీకులు, మిత్రులు కళలకు వదిలేశారు. చాయ్, సమోసా చవక. వేదిక మీద ఒకరోజు ఉర్దూ కథ, మర్నాడు నాటకం, ఆ మర్నాడు గిటారు. ఎదుటి జీవీకే వన్‌లో హార్డ్ రాక్ కెఫే నడిచిన రోజుల్లో, రోడ్డుకు అటూ ఇటూ రెండు ప్రపంచాలుండేవి. అటు టికెట్టు, లైట్లు, ఇంగ్లీషు. ఇటు నేల మీద కూర్చున్న జనం, గాలికి ఎగిరే పాటల కాగితం. సొంత పాటను మొదటిసారి పాడి చూసుకోవడానికి ధైర్యమిచ్చేది ఇటు వైపే.

పబ్బుల్లో ఆ ధైర్యం నిలవదు. తెలుగు బ్యాండ్లకు ఇవాళ గిరాకీ బాగా ఉంది. కాప్రిసియో లాంటి బ్యాండ్లు ఇళయరాజా, కీరవాణి పాటలను గిటారు, డ్రమ్స్ మీద కొత్తగా అల్లి మైదానాలు నింపుతున్నాయి. తెలుగు నైట్ అని బోర్డు పెడితే చాలు, టేబుళ్లు దొరకవు. ఒకప్పుడు నామోషీ అయిన భాష ఇప్పుడు శనివారం సాయంత్రాన్ని నడుపుతోంది. ఇది చిన్న మార్పు కాదు. కానీ అక్కడ పాడేది సినిమా పాటే. రెండు గంటల కార్యక్రమం మధ్యలో గాయకుడు గొంతు సవరించుకుని ‘ఇప్పుడు మా ఒరిజినల్ ఒకటి’ అంటాడు. అదే అదను అన్నట్టు సగంమంది ఫోన్లు తీస్తారు, కొందరు వాష్‌రూమ్‌కు లేస్తారు. వెయిటరు టిష్యూ కాగితం మీద రాసిన చీటీ తెచ్చి స్టేజీ అంచున పెడతాడు. అందులో పవన్ కల్యాణ్ సినిమా పాట పేరుంటుంది. మూడు నిమిషాల ఒరిజినల్‌ను రెండున్నరకు కుదించి, గాయకుడు ఆ చీటీ అందుకుంటాడు.

శ్రోతకు ఈ అలవాటు ఊరికే రాలేదు. 1996 నుంచి టీవీలో ‘పాడుతా తీయగా’ మనకు గొప్ప గొంతులనిచ్చింది. దాని అచ్చులోనే పుట్టిన పోటీలన్నీ ఒకరు పాడిన పాటను ఇంకొకరు ఎంత చక్కగా పాడారో చూసి మార్కులు వేశాయి. నువ్వు కట్టిన పాట ఏదీ అని అడిగిన వేదిక దాదాపు లేదు. అలా పెరిగిన శ్రోతకు తెలియని పాట వినడం ఓ పరీక్షలా ఉంటే తప్పెవరిది?

అందుకే తెలుగు ఇండీలో హిట్లున్నాయి గానీ, ‘మర్మర్’లా, ‘అవియల్’లా ‘ఇదిగో, దీనితో మొదలైంది’ అని పదిమందీ ఒప్పుకునే రాక్ ఆల్బమ్ ఇంకా రాలేదు. ఒక పాటను ఒక వీడియోతో ఒక వారం నిలబెట్టొచ్చు. పది పాటలు ఒక వరుసలో, ఒకే మనిషి బతుకు వాసనతో రావాలంటే రెండేళ్లు పడుతుంది. ఆ రెండేళ్లూ బ్యాండువాళ్లు తిండికీ అద్దెకూ మీ చీటీ మీదే ఆధారపడాలి. చీటీ ఏమో సినిమా పాటే అడుగుతోంది.

ఈ శనివారం ఏదైనా బ్యాండు పాడే చోటికి వెళ్తే, చీటీ పంపేముందు ఒక్కక్షణం ఆగండి. సినిమా పేరు రాయకండి. ‘మీ సొంత పాట ఇంకొకటి’ అని రాసి పంపండి.